పింఛనుదారుని పథ్యము

ఉద్యోగము విరమించిన మఱునాటినుండి మనుష్యునకు రెండు లెక్కలు ప్రారంభమగును. ఒకటి ధనపు లెక్క. రెండవది దేహపు లెక్క. జీతము వచ్చుచున్నంత కాలము ఈ రెండును వేఱువేఱు పుస్తకములలో నుండెడివి. ఒకదానిలోని లోటు రెండవదానిని అంతగా తాకెడిది కాదు. విరమించిన పిదప రెండును ఒక్క పుస్తకములోనికి వచ్చి చేరును. మందుబిళ్ళలకు వెచ్చించిన యెడల పాలు తగ్గును. పాలకు వెచ్చించిన యెడల కంటి అద్దములు వచ్చు నెలకు వాయిదా పడును. మన పట్టణములలో ఎందఱో వృద్ధులు ప్రతి మాసారంభమునను ఈ పుస్తకమును ముందిడుకొని, ఏ పద్దు కొట్టివేయుదమా యని ఆలోచించుచున్నారు. వారు కొట్టివేయుచున్న పద్దులు సరియైనవేనా యనునదియే నేటి మా ప్రశ్న.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. మనవారు పొదుపు చేయవలసిన చోట ఖర్చు చేయుచు, ఖర్చు చేయవలసిన చోట పొదుపు చేయుచున్నారు. మనుమరాలి పెండ్లికి అప్పు తెచ్చుటకు వెనుదీయనివాడు, తన రక్తపోటు మందును రోజు విడిచి రోజు మ్రింగుచు దానిని మితవ్యయ మనుకొనుచున్నాడు. ఇది మితవ్యయము కాదు, లోభమును కాదు. ఇది చిల్లర కాపాడుకొని గల్లాపెట్టె పోగొట్టుకొనుట. మితవ్యయమనగా తక్కువ ఖర్చు చేయుట యని అర్థము కాదు. తగినచోట తగినంత ఖర్చు చేసి, తగనిచోట దమ్మిడీయైనను విడువకుండుట యని అర్థము.

ఈ విషయము మన తాతల కాలమున ఇంత తీవ్రముగ లేదు. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. శిశుమరణముల వలన ఆ సంఖ్య అంతగా దిగజారినదను మాట నిజమే గాని, అరువదేండ్లు దాటి బ్రతికినవారు నాడు అరుదనుటయు నిజమే. నేడు సగటు 70 ఏండ్ల కడకు వచ్చినది. అరువదవ యేట అడుగిడినవాడు సగటున మఱి పదునెనిమిదేండ్లు జీవించునని లెక్కలు చెప్పుచున్నవి. తెలంగాణమున 2021లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 61కిని, ఆంధ్రప్రదేశమున 2022లో 62కిని పెంచబడినది. అయినను విరమణకును మరణమునకును నడుమ గడుపవలసిన కాలము ఒక పిల్లవాడు పుట్టి మేజరగునంత దీర్ఘముగ నున్నది. ఇంత కాలమును రోగముతో గడుపుట ఎంత భారమో, రోగము లేక గడుపుట ఎంత లాభమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదట వంటింటిని చూతము. మన తెలుగువాని కంచములో అన్నము కొండయై, పప్పు చుక్కయై, కూర నలుసై యున్నది. ఈ యన్నము చరిత్ర మనకు క్రొత్త కాదు. వెనుక సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రజలను పట్టి పీడించినది. మరలో తెల్లగ పట్టిన బియ్యము తినుటచే, తవుడుతో పాటు బి1 విటమిను పోయి, కాళ్ళు పడిపోయి, గుండె బలహీనమై మనుష్యులు చనిపోయెడివారు. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ ఒక చిన్న గదిలో పని ప్రారంభించెను. ఆ చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై తార్నాకలో నిలిచియున్నది. తెల్లబియ్యపు మోజు వలన కలిగిన కీడు నుండి పుట్టిన సంస్థ తెలుగునాటనే యున్నను, తెలుగువాడు నేటికిని బియ్యము ఎంత తెల్లగ నున్న అంత గొప్పయని బస్తా విప్పి చూచి మురియుచున్నాడు. బెరిబెరి పోయినది, ఆ స్థానమును మధుమేహ మాక్రమించినది.

అన్నము మానుడని మేము చెప్పము. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వలన వచ్చు భాగము నూటికి 45 పాళ్ళకు మించరాదని చెప్పిరి. మనలో అనేకులకు అది అంతకు చాల మించియున్నది. విరమించిన మనుష్యునికి పొలము దున్నవలసిన పని గాని, కచేరీకి పరుగెత్తవలసిన పని గాని లేదు. పనిచేయునాటి ముద్దలే విరమించిన పిమ్మటను తినుచుండిన యెడల ఆ మిగులు పొట్టయై, చక్కెరయై లెక్కకు వచ్చును.

ఇక మాంసకృత్తుల మాట. దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలయునని మన శాస్త్రజ్ఞుల నిర్ణయము. అనగా 60 కిలోల మనుష్యునకు సుమారు 50 గ్రాములు. ముదిమిలో కండ తఱుగుచుండును గనుక ఇది తగ్గరాదు. ఈ 50 గ్రాములకై డబ్బాలలో అమ్ము పొడులు కొనవలెనా? అక్కఱలేదు. బియ్యము, జొన్నలు, రాగులు కలిపి 225 గ్రాములు తినినచో సుమారు 18 గ్రాములు వచ్చును. కంది, పెసర, సెనగ, ఉలవ మొదలగు పప్పుదినుసులు 85 గ్రాములు తినినచో 19 గ్రాములు. పాలును పెరుగును కలిపి 300 గ్రాములైనచో 9 గ్రాములు. గుప్పెడు వేరుసెనగపప్పు, 20 గ్రాములు, మఱి 5 గ్రాములు. మొత్తము 51. గ్రుడ్డు తినువారికి గ్రుడ్డొకటికి 6 గ్రాములు అదనము. ఈ లెక్కలో నున్న వస్తువు లన్నియు వీధి చివరి కిరాణా దుకాణమున దొరకునవే. పప్పు ధర పెరిగినదని పప్పు తగ్గించి అన్నము పెంచువాడు నెలకు కొంత మిగుల్చుకొనుచున్నాననుకొనును. అతడు మిగుల్చుకొనుచున్నది రూపాయలు. తఱుగుచున్నది తన తొడలలోని కండ. ఆ కండయే రేపు కుర్చీలోనుండి ఒకరి చేయి పట్టకుండ లేచుటకు కావలయును.

కూరల విషయమున మన పెద్దలు మనకంటె తెలివిగలవారు. తోటకూర, గోంగూర, బచ్చలి, మునగాకు, పొన్నగంటికూర వీనిని ఇంటి పెరటిలోనుండియే కోసుకొనెడివారు. నేడు పెరడులు పోయి మేడలు వచ్చినవి. అయినను మేడమీద నాలుగు కుండీలకు చోటు లేకపోలేదు. రాయలసీమలో రాగిసంకటిని, తెలంగాణమున జొన్నరొట్టెను బీదవాని తిండియని త్రోసివేసిన మధ్యతరగతి వారే, ఇప్పుడు అవే ధాన్యములను రంగుల పొట్లములలో మూడింతలు పెట్టి కొనుచున్నారు. పొట్లము విడిచి మూటలో కొనుడని మా సలహా. రాగులు ఊరిలోని పిండిమరలో విసరించుకొనిన, ఆ యంబలికి ఏ వ్యాపారి చిరునామాయు అక్కఱలేదు.

ఉప్పు విషయమున మాత్రము మన పెద్దలను అనుసరింపరాదు. దినమునకు 5 గ్రాములకు లోపుగ, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే ఉప్పు తినవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడములు, వడియములు ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినవి. ఊరగాయను తెలుగువానినుండి వేఱుచేయుట మావలన కాదు. అట్టి ద్రోహము మేము తలపెట్టము. కాని ఊరగాయ నంజుకొనుటకు గాని, అన్నమంతయు ఎఱ్ఱగ కలుపుకొనుటకు కాదు. కూర వండుట బరువైన దినమున జాడీయే కూరయగుచున్నది. ఒంటరిగ నున్న వృద్ధుల యిండ్లలో ఆ దినము ప్రతి దినమును అగుచున్నది. అచ్చటనే ప్రమాదము.

కొట్టివేయదగిన పద్దులు ఏవో ఇప్పుడు చెప్పుదుము. చుట్ట, బీడి, సిగరెట్టు, జర్దా వీనికి నెలకు ఎంతయగుచున్నదో వ్రాసికొనుడు. చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని పీల్చు అలవాటు గల మన ఉత్తర తీరపు జిల్లాలలో అంగిటి పుండు మనకు ఎఱుకయే. సాయంకాలపు బజ్జీలు, మిఠాయి పొట్లములు, సీసాలలోని తీపి పానీయములు, పంచదార కూరిన కాఫీలు, ఇవి రెండవ వరుస. దానికిని మించినది మఱి యొకటి కలదు. అది “బలమునకు” ఎక్కించుకొను సెలైను సీసా.

ఈ సీసాను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. నీరసముగ నున్నదని వైద్యుని వద్దకు పోయి, సీసా కట్టించుకొననిదే వైద్యము జరిగినట్లు తృప్తిచెందని వారు మన పల్లెలలోను పట్టణములలోను గలరు. ఆ సీసాలో ఏమున్నది? అర లీటరు సామాన్య సెలైనులో నున్నది 4.5 గ్రాముల ఉప్పు, మిగిలినది నీరు. అర లీటరు 5 శాతము గ్లూకోజు సీసాలో నున్నది 25 గ్రాముల చక్కెర, అనగా అయిదాఱు చెంచాలు. వాంతులు, విరేచనములచే నీరు కోల్పోయినవానికిని, నోటితో త్రాగలేనివానికిని అది ప్రాణదాత. నడచి పోయి నడచి రాగలవానికి అది ఖరీదైన ఉప్పునీరు. రక్తపోటు గలవానికి ఒక దినపు ఉప్పు మోతాదు ఒక్కగంటలో సూది ద్వారమున పోసికొనుట. ఆ డబ్బుతో వారము దినముల పప్పు వచ్చును.

ఇక ఎన్నటికిని కొట్టివేయరాని పద్దు ఒకటి కలదు. అది రక్తపోటునకును మధుమేహమునకును వైద్యుడు వ్రాసిన నిత్యపు మందు. భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము మన వయోజనులలో నూటికి 11.4 మందికి మధుమేహమును, 35.5 మందికి అధిక రక్తపోటును కలవు. ఈ రెండు వ్యాధుల స్వభావ మేమన, అవి చాలకాలము నొప్పి తెలియనీయవు. నొప్పి లేదు గనుక జబ్బు పోయినదని మందు మానుదురు. పిదప ఒక తెల్లవారుజామున మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయి, మాట తడబడును. పక్షవాతము వచ్చిన యింట ఖర్చు ఎంతయో మేము లెక్క వేయము. అనుభవించిన గృహస్థుల నడుగుడు. నెలకు కొన్ని వందల రూపాయల మందును మానుటవలన ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చిన వారు ప్రతి పట్టణమునను కలరు.

మందు ఖరీదు తగ్గించుకొను ధర్మమార్గము వేఱుగ నున్నది. మందు మానుట కాదు, మందుపైనున్న పేరు మార్చుట. 2008లో మొదలైన జనౌషధి దుకాణములలో అదే రసాయనము, కంపెనీ ముద్దుపేరు లేకుండ, సగము ధరకును అంతకంటె తక్కువకును లభించుచున్నది. వైద్యుని అడిగి మందు అసలు పేరు వ్రాయించుకొనుటకు సిగ్గుపడనక్కఱలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపోటు చూచుటకును, చక్కెర చూచుటకును రుసుము లేదు. కీళ్ళనొప్పులకు మందుల దుకాణమువాడిచ్చు బిళ్ళలను మాత్రము నెలల తరబడి మ్రింగకుడు. నొప్పి తగ్గించు ఆ బిళ్ళలలో పెక్కు, మూత్రపిండములకు చేటు తెచ్చును. కడుపులో పుండు పుట్టించును. చౌకయైన బిళ్ళ యెల్ల మితవ్యయము కాదు.

నడక విషయమున వాదము లేదు. వారమునకు కనీసము 150 నిమిషములు చుఱుకుగ నడువవలయుననియు, 65 ఏండ్లు దాటినవారు వారమున మూడు దినములైన శరీరపు నిలుకడను కాపాడు అభ్యాసములు చేయవలయుననియు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము చేసినది. దీనికి రుసుము లేదు, యంత్రము లేదు. గోడ దగ్గర నిలువబడి ఒంటికాలిపై పది లెక్కించుట, కుర్చీలోనుండి చేతులానక పదిమాఱులు లేచి కూర్చుండుట, ఇంతియే. వృద్ధుని పాలిటి పులి అడవిలో లేదు. తడిసిన స్నానపు గదిలో నున్నది. తుంటి యెముక విఱిగిన పిదప మరల మునుపటివలె నడచినవారు తక్కువ. గోడకు ఒక ఇనుపకమ్మి, నేలపై గరుకు పరుపు, రాత్రివేళ ఒక చిన్నదీపము, ఈ మూడింటికి అగు ఖర్చు ఒక దినపు ఆసుపత్రి గది అద్దెకు చాలదు.

ఇంతవరకు మేము విరమించిన పురుషుని గూర్చియే మాటలాడినట్లు తోచవచ్చును. ఉద్యోగికి విరమణ కలదు. అతని భార్యకు లేదు. ఆయన కచేరీ మానిన దినమునుండి ఆమెకు పని పెరిగినది. రెండవ కాఫీ, పదిగంటల ఫలహారము, మధ్యాహ్నపు భోజనము అన్నియు ఇంటనే. పొదుపు ప్రారంభమైన యింట మొదట తగ్గునది ఆమె కంచములోని పెరుగు; మొదట వాయిదాపడునది ఆమె కంటి శుక్లము. అందఱు తినిన పిదప మిగిలినది తినుట మన యిల్లాండ్రకు వ్రతమైనది. ఇంటి యజమాని తన రక్తపరీక్ష కాగితములను వరుసగ దాచుకొనును. ఆమె కాగితము ఒక్కటియు నుండదు. మితవ్యయము న్యాయమైనదో కాదో తెలిసికొనుటకు ఒకే పరీక్ష: తగ్గింపు ఇరువుర కంచములలోను సమానముగ పడినదా లేదా?

శరీరము నిలుచుటకు తిండి యొకటి చాలదు. నెత్తిపై కప్పు కావలయును. మా వృత్తిలో మేము తఱచు చూచుచున్న విషయ మిచ్చట చెప్పుదుము. విరమించిన మఱుసటి యేడే పిల్లల ముచ్చటకొఱకు ఇంటిని సెటిల్మెంటు దస్తావేజు ద్వారా వ్రాసియిచ్చి, మూడవ యేట మందులకు చేయి చాచువారు అనేకులు. దస్తావేజు రిజిస్టరైన తోడనే హక్కు మాఱును. వీలునామా మరణానంతరమే పాఱును, బ్రతికియున్నంత కాలము దానిని మార్చుకొనవచ్చును. కావున తొందరపడి దస్తావేజు వ్రాయకుడు. వ్రాసియే తీరవలసిన యెడల, తమ పోషణమును చూడవలయునను షరతును అందులో స్పష్టముగ చేర్పింపుడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టములోని 23వ సెక్షను ప్రకారము, అట్టి షరతుతో ఆస్తి పొందినవాడు పోషింపక పోయిన యెడల ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. షరతు నోటిమాటగ నున్నచో చిక్కులు వచ్చును. అదే చట్టము క్రింద పోషణకై రెవిన్యూ డివిజనల్ అధికారి యెదుట గల ట్రిబ్యునలులో వృద్ధుడు తానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. చట్టమున వ్రాసిన పరిమితి నెలకు 10,000 రూపాయలు. న్యాయవాది యవసరము లేకుండ జరుగవలయునని ఆ చట్టము వ్రాసినవారి యుద్దేశము. మా వృత్తివారి కిది నష్టమైనను, ఈ యుద్దేశమును మేము మెచ్చుకొనుచున్నాము. ఇంకొక మాట: ప్రభుత్వపు పింఛనును అప్పులవారు జప్తు చేయించుటకు సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఒప్పుకొనదు. ఈ సంగతి తెలిసినవాడు రాత్రి నిద్రపోవును. నిద్రయు ఆరోగ్యమే గదా!

పెద్ద జబ్బు వచ్చిన నాడు ఏమి దారి? ఇంతటి ఖర్చును ఏ మితవ్యయమును మోయజాలదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన పేదలకు శస్త్రచికిత్సలు చేరువైనవి. 2024 అక్టోబరు 29వ తేదీనుండి 70 ఏండ్లు నిండిన ప్రతి భారతీయునికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వఱకు ఆసుపత్రి చికిత్స కల్పింపబడినది. కాని కార్డు చేయించుకొనవలయును. గుండెనొప్పి వచ్చిన రాత్రి కార్డుకొఱకు పరుగెత్తిన లాభము లేదు. చదువుకొన్న పాఠకులు తమ వీధిలోని చదువురాని వృద్ధులకు ఈ యొక్క పని చేసిపెట్టిన యెడల, అది పదివేల ఉపన్యాసములకంటె గొప్ప దేశసేవ.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడుచున్నది. “కడుపునిండినవాడు ఆకలిగొన్నవానికి మితాహారము బోధించుట సులభమే” యని. ఆక్షేపణ న్యాయమైనదే. మితవ్యయము సుగుణము, దారిద్ర్యము సుగుణము కాదు. ఒకదానిని రెండవదానికి ముసుగుగ వాడువారిని మేము సహింపము. కార్మికుల పింఛను పథకము క్రింద 2014లో కనీసపు పింఛను నెలకు 1,000 రూపాయలని నిర్ణయించిరి. ముప్పదియేండ్లు మిల్లులోనో బట్టీలోనో చాకిరిచేసినవానికి దినమునకు ముప్పదిమూడు రూపాయలు! జాతీయ వృద్ధాప్య పింఛనులో 60 మొదలు 79 ఏండ్ల వారికి కేంద్రప్రభుత్వపు వాటా నెలకు 200 రూపాయలు మాత్రమే. రాష్ట్రములు తమ వాటా కలుపుటచే కొంత నయము: తెలంగాణమున 2019లో 2,016 రూపాయలుగను, ఆంధ్రప్రదేశమున 2024 జులైలో 4,000 రూపాయలుగను వృద్ధుల పింఛను పెంచబడినది. మేము పైన చెప్పిన పప్పు, పాలు, కూరల లెక్కను వేయి రూపాయలతో నడిపి చూపగల గృహిణి ఈ దేశమున లేదు. నడిపి చూపుమని అడుగుటయే అపరాధము.

పింఛను భిక్ష కాదు. 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము, అది యజమాని దయచే ఇచ్చునది కాదనియు, చేసిన సేవకు ప్రతిఫలముగ వచ్చు హక్కనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పు ప్రభుత్వోద్యోగుల వ్యాజ్యమున వచ్చినదే. అయినను దాని యందలి ధర్మము గిడ్డంగి కావలివానికిని, బడిపంతులునకును, చేనేత కార్మికునికిని వర్తింపదని ఏ నోటితో చెప్పగలము? కనుక పాఠకులకు మితవ్యయము బోధించు మేము, ప్రభుత్వమునకు ఉదారత బోధింపకున్న యెడల మా బోధ సగము అబద్ధమగును.

పురపాలక సంఘములకును ఒక మాట. నడువుడని వైద్యుడు చెప్పుచున్నాడు, ఎక్కడ నడువవలెను? కాలిబాటపై దుకాణపు సరకు, దాని ప్రక్కన నిలిపిన మోటారు సైకిళ్ళు, దాని ప్రక్కన మూతలేని మురుగుకాలువ. వృద్ధుడు నడిరోడ్డునకు దిగి లారీతో పందెము వేయుచున్నాడు. ప్రతి వార్డున ఒక మైలు నిండ నడువదగిన కాలిబాట, రెండు బెంచీలు, ఒక శుభ్రమైన మూత్రశాల ఏర్పఱచుట ఒక క్రొత్త ఆసుపత్రి కట్టుటకంటె చౌక. ముఖ్యముగ స్త్రీలు మూత్రశాల లేనందున నీరు త్రాగుట మాని బయటికి వచ్చుచున్నారన్న సంగతి మన కౌన్సిలర్ల చెవికి ఎన్నడు సోకునో తెలియదు.

తుదకు మనస్సును గూర్చి. విరమించినవాడు పోగొట్టుకొనునది జీతము మాత్రమే కాదు. తన్ను పేరుపెట్టి పిలుచు నలుగురిని పోగొట్టుకొనుచున్నాడు. ఒంటరితనము ఆరోగ్య సమస్యయని గుర్తించి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికై ప్రత్యేక సంఘమును నియమించినది. తెలుగునాట ఆ చికిత్సాలయము ఎప్పుడో కట్టబడినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును వెలసినవి. వాని వెంట ఊరూర పఠనమందిరములు లేచినవి. పొద్దుట నడచి పోయి, పత్రిక చదివి, పక్కవానితో వాదించి, నడచి తిరిగివచ్చు వృద్ధునికి ఒక్క పయనమున మూడు మందులు దొరకును. పత్రికకు చందా మిగులు, కాళ్ళకు పని, మాటకు తోడు. అట్టి పఠనమందిరములకు పన్నుల నుండి రావలసిన గ్రంథాలయ సెస్సును అనేక స్థానిక సంఘములు బకాయి పెట్టి కూర్చుండుట విచారకరము.

పాఠక మహాశయులారా! ఈ వారము ఒక పని చేయుడు. కాగితము తీసికొని మీ నెలసరి ఖర్చులు వ్రాయుడు. ఒక్కొక్క పద్దు ఎదుట, ఇది రేపు నన్ను నా కాళ్ళపై నిలుపునా, మంచముపై పండబెట్టునా యని ప్రశ్న వేసికొనుడు. నిలుపునది యెంత ఖరీదైనను ఉంచుడు. పండబెట్టునది యెంత చౌకయైనను కొట్టివేయుడు. మీ యింటి యిల్లాలి పద్దును మీ పద్దు ప్రక్కన వ్రాసి రెండును సరిపోల్చుడు. పిదప ఆ కాగితమును పఠనమందిరమునకు తెచ్చి పదిమందితో చర్చింపుడు. మీలో ఎవరి కాగితమున ఎంత కొట్టివేసినను ఇంక లెక్క కుదరదో, వారి పక్షమున మిగిలినవా రందఱును కలిసి అర్జీ వ్రాసి అధికారుల ముందు నిలుచుడు. మితవ్యయము ఒక్కనిది, న్యాయము పదిమందిది. రెండును కలిసిననే వృద్ధుని బ్రదుకు నిలుచును.